కుక్క చస్తదా? మా సినిమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేటల్లో షూటింగ్ ముగించుకుని ఇప్పుడు డబ్బింగ్ దగ్గర ఉన్న మా చిన్న సినిమా గురించి జనం టీ కొట్టు దగ్గర, పెళ్లి పందిట్లో, అర్ధరాత్రి ఫోన్లలో అడిగిన ప్రశ్నలు ఇవి. చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే రాసి పెడుతున్నాను. ఈ సినిమాకు కథలో సగం, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ పనిలో సగం, కుక్కకు అన్నం పెట్టే పని మొత్తం నాది. సినిమా పేరు ఇంకా ఖరారు కాలేదు. పేరు మీదే ఇంకో సినిమా తీసేంత పంచాయితి నడుస్తోంది.

కుక్క చస్తదా?

చావదు. ముందే చెప్పేస్తున్నా. సస్పెన్స్ పోయిందని మా డైరెక్టర్ రెండు రోజులు అలిగాడు. కానీ ఈ ఒక్కటి తేలకపోతే సగం మంది టికెట్టే కొనరని నాకు అర్థమైంది. మా అత్తమ్మ అయితే "కుక్క సచ్చే సినిమా అయితే నన్ను పిలువకు బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది. సినిమాలో ముగ్గురు మనుషులు చనిపోతారు. వాళ్ల గురించి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

కథ ఏంటి?

కాజీపేటలో గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఇంట్లో వాళ్లకూ, గల్లీ వాళ్లకూ ఆయన బాపు. రైల్వే వాళ్లు 2022లో గార్డు అనే హోదా తీసేసి ట్రైన్ మేనేజర్ అని మార్చారు. బండి చివరి బ్రేక్ వ్యాన్‌లో పచ్చజెండా పట్టుకుని జీవితమంతా గడిపిన మనిషికి అది మింగుడు పడలేదు. "మేనేజరంటే బ్యాంకుల ఉంటడు" అన్నాడు. అదే వారం గేటు దగ్గర దొరికిన కుక్కపిల్లకు గార్డు అని పేరు పెట్టాడు.

బాపు పోయాక వీలునామా బయటపడుతుంది. మూడు వందల గజాల జాగ, అందులో పాత పెంకుటిల్లు. ఇద్దరు కొడుకుల్లో ఎవరి ఇంట్లో ఉండగా గార్డు సహజంగా కన్నుమూస్తాడో, ఇల్లు వాళ్లది. అదీ షరతు. పెద్దమనుషులు కూర్చుని వంతులు వేస్తారు: మూడు నెలలు పెద్దోడి దగ్గర, మూడు నెలలు చిన్నోడి దగ్గర. అప్పటికి గార్డుకు మూడేళ్లు. నాటు కుక్క, మంచిగా చూసుకుంటే పన్నెండు పదమూడేళ్లు సులువుగా బతుకుతుంది. లెక్క మీరే కట్టుకోండి.

ఇక అక్కడి నుంచి సినిమా. తమ వంతులో గార్డు తుమ్మినా ఇంట్లో ఆశ మొలుస్తుంది. అవతలి వాళ్ల వంతు వచ్చేసరికి అదే గార్డు ఆయుష్షు కోసం మొక్కులు మొదలవుతాయి. పెద్దోడు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి వ్యాపారి. చిన్నోడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. తన వంతు కాని మూడు నెలలూ చిన్నోడు ప్రతి ఆదివారం పశువుల డాక్టర్‌ను కారులో ఎక్కించుకుని వరంగల్ వస్తాడు. గార్డు సల్లంగుంటే పట్నం (రంగుల ముగ్గు పూజ) వేయిస్తానని ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంటాడు. వంతు మారిన రోజు నుంచి డాక్టర్ ఫోన్ చేసినా ఎత్తడు.

కరీంనగర్‌లో ఇచ్చిన ఆడబిడ్డ ఒకామె ఉంది. వీలునామాలో ఆమె పేరే లేదు. "నాకు జాగా వద్దు, కుక్క వద్దు, బాపు డ్యూటీ గడియారం ఇయ్యుండ్రి" అంటుంది. అది కూడా ఇవ్వరు. మిగతాది తెర మీద చూడండి.

అలాంటి వీలునామా అసలు చెల్లుతుందా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లలో ముగ్గురికి అన్నదమ్ములతో జాగా గొడవలున్నాయని తర్వాత తెలిసింది.

తెలిసింది తెలిసినట్టు చెప్తాను. సొంతంగా సంపాదించిన ఆస్తిని ఎవరికైనా రాసుకోవచ్చు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. బాపు రాసింది నోట్‌బుక్ కాగితం మీదే. కుక్క పేరు మీద మాత్రం ఆస్తి రాయడం కుదరదు. చట్టం దృష్టిలో కుక్క వారసుడు కాదు, కుక్కే ఒక ఆస్తి. అందుకే బాపు ఆస్తిని కొడుకులకే రాసి, మెలిక కుక్క మెడకు కట్టాడు.

చట్టానికో నీతికో విరుద్ధమైన పని చేయిస్తే తప్ప తీరని షరతు పెడితే ఆ రాత చెల్లదని అదే చట్టంలో ఉంది. మా కథలో షరతు సహజ మరణం కాబట్టి అందులోకి వస్తుందో రాదో అని ఒక వకీలు మిత్రుడు గంటసేపు వాదించాడు, తనతో తనే. అందుకే మా కథలో ఎవరూ కోర్టుకు పోరు. పెద్దమనుషుల దగ్గరికే పోతారు. వాళ్లకు సెక్షన్లు ఉండవు, చాయ్‌లు ఉంటాయి.

ఇది కామెడీయా, ఏడుపు సినిమానా?

డార్క్ కామెడీ. ఈ మాట వినగానే మొహం చిట్లించేవాళ్లకు ఒకటే చెప్తా. మన దగ్గర శవం ముందు డప్పు కొడతారు, చిందేస్తారు, దారి పొడుగునా పేలాలు, చిల్లర చల్లుతూ పోతారు. ఆ చిల్లర ఏరుకునే పిల్లల మీద ఎవరో ఒక జోకు వేస్తారు. పాడె మోసేవాళ్లు కూడా నవ్వుతారు, మళ్లీ ఏడుస్తారు. చావింట్లో నవ్వు మనకు దిగుమతి సరుకు కాదు. దాన్ని రెండు గంటలు సాగదీశాం, అంతే.

రాసుకునేటప్పుడు మాకు మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. నవ్వు కుక్క మీద రాకూడదు. గార్డు తెలివైనవాడు కాదు, దొంగల్ని పట్టడు, ఎవరినీ కాపాడడు. తింటాడు, పడుకుంటాడు, గేటు వైపు చూస్తాడు. వాడి చుట్టూ మనుషులు ఎంత వేషం వేస్తారో అదే హాస్యం. మొదటి డ్రాఫ్టులో గార్డు కాలు జారి బురదలో పడే సీన్ ఒకటి ఉండేది. చదివిన అందరూ నవ్వారు. తీసేశాం. ఆ బురదలో తర్వాత చిన్నోడు పడ్డాడు.

పిట్టకు పెట్టే సీన్ నిజంగా ఎవరింట్లోనైనా జరిగిందా?

ట్రైలర్ చూసినవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. మా ఇంట్లో అయితే జరగలేదు. కాకి రాక ఎండలో రెండు గంటలు నిలబడటం మాత్రం జరిగింది.

ఇటువైపు వాళ్లు కాని పాఠకుల కోసం: మనిషి పోయిన మూడో రోజో ఐదో రోజో, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు బంధువులు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటలిస్తారు. "పిల్ల పెండ్లి మేం జేస్తం", "అప్పు మేం గడతం" అని.

మా సీన్‌లో ఆకులో అన్నం, తలకాయ కూర, బాపుకు ప్రాణమైన సర్వపిండి (బియ్యప్పిండి రొట్టె) ముక్క, సీసా మూతలో కొంచెం మందు. కాకి కరెంటు తీగ మీద వాలింది. చూసింది. ఎగిరిపోయింది. పెద్దోడు చేతులు జోడించి "బాపూ, ఇల్లు అమ్మం, తిను" అన్నాడు. రాలేదు. చిన్నోడు ముందుకొచ్చి "బాపూ, అమ్ముతం, తిను" అన్నాడు. అప్పుడూ రాలేదు. గార్డు వచ్చాడు. ఎవరూ ఆపే లోపలే ఆకంతా నాకి, సర్వపిండి నడుమ మాత్రం తిని, మాడిన అంచు వదిలేసి వెళ్లి నీడలో పడుకున్నాడు. అందరూ ఆ అంచు వైపు చూస్తున్నారు. ఒక ముసలమ్మ మెల్లగా అంటుంది: "మీ బాపు గూడ మాడు తినకపోయేటోడు."

షూటింగ్ సంగతి చెప్తే మీ మనసు విరుగుతుందేమో. సర్వపిండిలో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, కారం ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అందుకే ఆ ఆకులో ఉన్నది ఉప్పు లేని అన్నం, ఎముక తీసి ఉడకబెట్టిన కోడి, సర్వపిండి ఆకారంలో ఒత్తిన జొన్నరొట్టె. మొదటి ఐదు టేకుల్లో కుక్క అంచుతో సహా మొత్తం తినేసింది. ఆరో టేకుకు కడుపు నిండి అంచు వదిలేసింది. మేం మానిటర్ దగ్గర ఒకరి చేతులొకరు పట్టుకున్నాం.

పాయసం సీన్‌లో పెద్ద కోడలు కావాలనే చేసిందా?

నేను చెప్పను. ఆ పాత్ర వేసినామె కూడా షూటింగ్‌లో పది సార్లు అడిగింది, ఆమెకూ చెప్పలేదు. "నీకు ఏమనిపిస్తే అది చెయ్యక్కా" అన్నాం.

సీన్ ఇది. పెద్ద కోడలు నేతిలో జీడిపప్పు, కిస్మిస్ వేయించి పాయసంలో కలిపింది. గార్డు గిన్నెలో కూడా పోసింది. అంతలో కిస్మిస్ కుక్కలకు పడదని ఫోన్‌లో ఎవరో చెప్తున్న వీడియో వినిపిస్తుంది. ఆమె గిన్నె ముందు కూర్చుని ఒక్కొక్క కిస్మిస్ వేళ్లతో ఏరి గట్టు మీద పెడుతుంది. పదకొండు తీసింది. చెయ్యి కడుక్కోబోయి ఆగింది. గట్టు మీది వాటిల్లోంచి ఒకటి తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ గిన్నెలో వేసింది. బయట గార్డు తోక నేలకు కొడుతున్న చప్పుడు. కట్.

ఇది చదివి ఎవరూ ప్రయోగాలు చేయొద్దు. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో కుక్కకూ కుక్కకూ మారుతుంది, కొన్నింటికి కొంచెమే చాలు. చాక్లెట్ కూడా అంతే, అందులోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి తొందరగా పోదు. షుగర్‌ లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ ఇంకా ప్రమాదం. వండిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. తిన్నదని తెలిస్తే వాంతి అయ్యేదాకా చూద్దాం అనుకోకుండా డాక్టర్ దగ్గరికి పట్టుకుపోండి. కిస్మిస్ షాట్లు తీసిన రోజు మా కుక్క సెట్లోనే లేదు. అది నాకిన గిన్నెలో ఉన్నది గుమ్మడికాయ గుజ్జు కలిపిన మెత్తటన్నం.

షూటింగ్‌లో కుక్కను ఇబ్బంది పెట్టలేదు కదా?

లేదు. పెడదామన్నా పెట్టనిచ్చే పద్ధతి లేదు.

జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డు ఆఫీసు ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. సినిమాలో జంతువును వాడాలంటే 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనల ప్రకారం ముందుగా ఆ బోర్డు అనుమతి తీసుకోవాలి. కుక్క ఎవరిది, దాని వయసు, టీకాలు, పశువైద్యుడిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏ సీన్‌లో ఏం చేయిస్తారు, ఎక్కడ, ఎన్ని రోజులు, అన్నీ రాసివ్వాలి. అయ్యాక తీసినదాన్ని బట్టి బోర్డు నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. అది లేకుండా సెన్సార్ దగ్గరికి పోతే వెనక్కి పంపుతారు. "కుక్క నిద్రపోవును" అనే సీన్‌కు కూడా వివరణ రాశాను. ఏమని రాయాలి? నిద్రపోయేదాకా ఎదురు చూస్తాం అని రాశాను. నిజంగానే మూడు గంటలు చూశాం.

సినిమాలో ఒక డైలాగ్ ఈ కాగితాల పుణ్యమే. 1960 చట్టం 11వ సెక్షన్ కింద జంతువును హింసిస్తే మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ రోజుకీ అంతే. ఇది చదివి చిన్నోడు "ప్లేట్ మిర్చి బజ్జీ గూడ రాదు గదనే" అంటాడు. అప్పుడు పెద్దోడి కొడుకు, లా చదివే పిల్లగాడు, ఇంకో పేజీ తిప్పి చూపిస్తాడు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్: జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు. ఆ తర్వాత ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడరు.

మొదట్లో కోతి సీన్ ఉందన్నారు, ఏమైంది?

పోయింది. వరంగల్ చుట్టుపక్కల కోతులు లేని కథ అబద్ధం. ఇంటి కప్పు పెంకులు ఎత్తి చూసే కోతి మందతో గార్డుకు ఒక గొడవ రాసుకున్నాం. తీరా చూస్తే ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో కోతి ఉంది. ఎలుగుబంటి, పులి, చిరుత, సింహం కూడా ఉన్నాయి, 2011లో ఎద్దును చేర్చారు. ఇప్పుడు కోతులు సినిమాలో కనిపించవు. చప్పుడు వినిపిస్తుంది, పెంకు ఒకటి జారి పడుతుంది. మా ప్రొడ్యూసర్‌కు ఖర్చు తగ్గింది, అందుకే ఆయన ఆ జాబితాను మెచ్చుకుంటాడు.

షూటింగ్ జరిగినన్ని రోజులూ అనుమతి అక్కర్లేని కోతులు వచ్చి మా భోజనాల డబ్బాలు ఎత్తుకుపోయాయి.

అది ఏ జాతి కుక్క? ఎంతకు కొన్నారు?

కొనలేదు. నాటు కుక్క, అసలు పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. హనుమకొండలో ఒక టిఫిన్ సెంటర్ వెనక పెరిగి, తర్వాత మా వంటాయన ఇంటికి చేరింది. ఎడమ చెవి కొన చిన్నగా కత్తిరించి ఉంటుంది. ఎవరో హింసించారని కొందరు పోస్టర్ చూసి కోప్పడ్డారు. అది ఆపరేషన్ గుర్తు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మళ్లీ పట్టుకోకుండా మత్తులో ఉన్నప్పుడే చెవికి ఆ కోత పెడతారు. రోడ్డు మీద అలాంటి చెవి కనబడితే దానికి ఆపరేషన్, టీకా అయ్యాయని అర్థం.

గార్డు మగకుక్క కదా, చుక్క ఆడకుక్క కదా?

కెమెరా ఎక్కడ పెట్టాలో మా కెమెరామన్‌కు తెలుసు.

శిక్షణ లేని కుక్క అంత బాగా ఎలా నటించింది?

నటించలేదు. మీరు నటించినట్టు చూశారు.

దాదాపు వందేళ్ల కింద రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం తీసుకుని, ఏ భావమూ లేని అదే షాట్‌ను ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు. ఆకలి ఎంత బాగా చూపించాడో, దుఃఖం ఎంత బాగా చూపించాడో అని చూసినవాళ్లు మెచ్చుకున్నారట. చుక్క ముఖం అచ్చం ఆ నటుడి ముఖమే. బాపు ఖాళీ కుర్చీ షాట్, తర్వాత చుక్క: ఎడిటింగ్ రూమ్‌లో మా అసిస్టెంట్ కన్నీళ్లు తుడుచుకున్నాడు. ఆ షాట్‌లో చుక్క చూస్తున్నది నా చేతిలోని ఉడికిన కాలేయం ముక్కను.

ఇంకో చిన్న సంగతి. కుక్కలకు లోపలి కనుబొమ్మను పైకి లేపే కండరం ఉందని, తోడేళ్లలో అది సరిగ్గా ఉండదని 2019లో ఒక పరిశోధన వచ్చింది. ఆ కనుబొమ్మ లేస్తే మనకు కుక్క దిగులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. వేల ఏళ్లు మనతో ఉండి సంపాదించుకున్న కండరం అది. రంగుల సంగతి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. కుక్కలకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. గడ్డిలో ఎర్ర బంతి వేసి "చూస్తలేదు" అని అరగంట తిట్టుకున్నాం. పసుపు బంతి తెస్తే రెండు నిమిషాల్లో షాట్ అయింది.

మే నెలలో తీశారట, కుక్క ఎండకు ఆగిందా?

ఎండలో తీయలేదు. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి చుక్కకు ప్యాకప్. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని కూలర్. అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు రోడ్డు మీద పెట్టి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా అక్కడ ఆగదని డాక్టర్ చెప్పాడు. ఆ పరీక్ష చేసే ఉద్యోగం కూడా నాకే వచ్చింది. మిట్టమధ్యాహ్నం సీన్లలో మనుషులు మాడిపోయారు. వాళ్ల గురించి ఏ బోర్డూ అడగలేదు.

ఎవరినైనా కరిచిందా?

మా లైట్ బాయ్ చేతికి పన్ను గీరుకుంది. తప్పు వాడిదే, తింటుండగా గిన్నె లాగాడు. వెంటనే సబ్బు పెట్టి పంపు కింద పదిహేను నిమిషాలు కడిగించాం. పసుపు, కారం, సున్నం లాంటివేమీ పూయనివ్వలేదు. చుక్కకు టీకా ఉన్నా వాడికి సూదులు వేయించాం. చర్మంలో ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, అందుకే ఇందులో మొహమాటం పనికిరాదు. ఆసుపత్రిలో చీటీ రాసే ఆమె "కరిచింది పెంపుడుదా, వీధిదా?" అని అడిగితే వాడు "హీరోయిన్ మేడం" అన్నాడు. ఆ చీటీ కోసం మేం ఇంకో అరగంట నిలబడాల్సి వచ్చింది.

వరంగల్ సినిమా అంటారు, కోట, వేయి స్తంభాల గుడి ఎందుకు లేవు?

అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, షూటింగ్‌కు వేరే అనుమతి, ఫీజు కావాలి. నిజం చెప్పాలంటే కారణం అది కాదు. వరంగల్ అనగానే కాకతీయ తోరణం మీంచి డ్రోన్ ఎగిరించడం మాకు విసుగు. ఇక్కడి మనిషి రోజూ చూసేది తోరణం కాదు, కాజీపేట గేటు దగ్గర ఆగిన బండి. వడ్డేపల్లి చెరువు కట్ట, రైల్వే క్వార్టర్లు, ఎనుమాముల యార్డు ఉన్నాయి. యార్డులో మిర్చి బస్తాల మధ్య తీసిన రోజు చుక్కను తీసుకెళ్లలేదు, ఆ ఘాటు దానికి వద్దని. మాకెవరూ వద్దనలేదు. ఆ రోజు డైలాగుల కన్నా తుమ్ములు ఎక్కువ రికార్డయ్యాయి.

యాస కామెడీ ఉందా?

లేదు. ఇది కొంచెం కోపంగానే చెప్తున్నా. చాలా ఏళ్లు మన తెలుగు సినిమాల్లో మా యాస ఇంటి పనివాడికో, రౌడీకో, జోకర్‌కో ఇచ్చారు. మా సినిమాలో డాక్టర్, వకీలు, చనిపోయిన బాపు, అందరూ అదే మాట్లాడతారు. నవ్వు మాటలో ఉంటే నవ్వండి, మాట తీరుకు నవ్వితే మేం చేసేదేం లేదు.

పాడె సీన్‌కు ఇల్లు ఎవరిచ్చారు?

ఎవరూ ఇవ్వలేదు. మూడిళ్లు ఒప్పుకుని, వాకిట్లోకి వెదురు కట్టెలు రాగానే వద్దన్నారు. ఒకాయనైతే అడ్వాన్సు కూడా తిరిగివ్వలేదు. పేరు చెప్పను, ఇంకా అడుగుతున్నా. చివరికి మా కెమెరామన్ వాళ్ల చిన్నాయన తన పాత ఇల్లు ఇచ్చాడు, రెండు షరతుల మీద. ఒకటి, అయ్యాక ఇల్లంతా కడిగి గుమ్మడికాయ కొట్టాలి. రెండు, పాడె మీద పడుకున్న నటుడు చివర్లో లేచి నవ్వుతూ ఒక ఫొటో దిగాలి. రెండూ చేశాం. ఆ ఫొటోలో పాడె కింద చుక్క నిద్రపోతోంది.

చిన్నపిల్లలను తీసుకురావచ్చా?

సెన్సార్ ఇంకా కాలేదు. 2023లో చట్టం మారాక యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూసే) సర్టిఫికెట్‌లోనే 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. మాకు ఏ మెట్టు వస్తుందో వచ్చాక చెప్తాం. నన్నడిగితే పదమూడు దాటినవాళ్లకైతే ఫర్వాలేదు. కుక్క పోస్టర్ చూసి చిన్నపిల్లల సినిమా అనుకుని మాత్రం రావొద్దు.

విదేశీ సినిమా చూసి తీశారు కదా?

కుక్క మీద సినిమా అంటే విదేశీ అని ఎందుకనుకుంటారో అర్థం కాదు. అవును, వాళ్లకు మక్కువ ఎక్కువే. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా పండుగ సమయంలో సినిమాల్లో బాగా కనబడిన కుక్కకు 2001 నుంచి పామ్ డాగ్ అనే బహుమతి ఇస్తున్నారు, బహుమతి మెడకు కట్టే ఒక తోలు పట్టీ. కానీ మన భారతం చూడండి. ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం, ఏ తప్పూ చేయని తన పిల్లను కొట్టారని జనమేజయుడి దగ్గరికి వచ్చి నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. మధ్యలో ఉన్నదంతా అన్నదమ్ముల జాగా పంచాయితి. మాకు వేరే దేశం కథ ఎందుకు?

చుక్క ఇప్పుడెక్కడ ఉంది? డబ్బింగ్ కూడా తనే చెప్పిందా?

వంటాయన ఇంట్లోనే ఉంది. మేం వెళ్తే చెయ్యి వాసన చూస్తుంది, కాలేయం లేకపోతే వెళ్లిపోతుంది.

డబ్బింగ్ చెప్పలేదు. చుక్క మొరగదు. నలభై రోజుల షూటింగ్‌లో రెండుసార్లు మొరిగింది, రెండూ లంచ్ బ్రేక్‌లో. అందుకని వేరే కుక్క అరుపులు రికార్డు చేసి గార్డుకు పెట్టాం. పోయిన వారం డబ్బింగ్ థియేటర్‌కు చుక్కను తీసుకెళ్లాం, ఊరికే, తన సినిమా తను చూసుకుంటుందని. తెర మీద తన బొమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. స్పీకర్‌లోంచి ఆ అరుపు రాగానే లేచింది. స్పీకర్ వెనక్కి పోయి వెతికింది, ఎవరూ లేరు. తిరిగొచ్చి మా కాళ్ల దగ్గర నిలబడింది. సౌండ్ ఇంజనీర్‌కు ముచ్చటేసి ఇంకోసారి వేశాడు. అప్పుడు మొరిగింది చుక్క, గది అదిరేలా, ఆగకుండా, నిమిషం పైనే. అచ్చం మాకు కావాల్సిన అరుపు.

మైకు ఆఫ్‌లో ఉంది.